పురుగులున్నందుకూ వందనాలే!

కొత్తిల్లు కట్టుకున్నా, పిల్లాడికి ఉద్యోగమొచ్చినా, జబ్బుపడ్డ మనిషి లేచి తిరిగినా మా వీధిలోని క్రైస్తవ కుటుంబాలవాళ్ళు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటారు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తారు. నాలుగు పాటలు పాడుకుని, వచ్చినవాళ్ళకి కడుపునిండా భోజనం పెట్టి పంపిస్తారు. మిగతావాళ్ళం సత్యనారాయణ వ్రతం చేసుకోమూ... అలాగే! మంచి జరిగినప్పుడు దేవుణ్ణి తలుచుకోవడం ఏ మతంవాళ్ళకైనా అలవాటే.

మరి ఇల్లు పోయి, కన్నతండ్రి పోయి, పడుకునే గడ్డిలో పురుగులు కుడుతుంటే? అప్పుడూ కృతజ్ఞత చెప్పుకోగలమా? అసలెందుకు చెప్పాలి? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు హాలెండ్ దేశపు అక్కచెల్లెళ్ళిద్దరు గుర్తొస్తారు. చెల్లెలు కోరీ టెన్ బూమ్ పేరు ప్రపంచమంతా తెలుసు. అక్క బెట్సీ మాత్రం ఆ చెల్లెలు రాసిన పుస్తకం వల్లే మనకి తెలిసింది.

గడియారాల కొట్టు

కోరీ పుట్టింది 1892 ఏప్రిల్ 15న. హార్లెం ఊళ్ళో వాళ్ళకి గడియారాల కొట్టుండేది. 1837లో తాతగారు పెట్టింది. కింద కొట్టు, పైన కాపురం. ఆ ఇరుకింట్లోనే తల్లి, తండ్రి, నలుగురు పిల్లలు, తల్లిగారి అక్కచెల్లెళ్ళు ముగ్గురు! తండ్రి కాస్పర్ గారు పొద్దున టిఫిన్ దగ్గరా, రాత్రి పడుకోబోయే ముందూ బైబిలు తీసి అందరికీ చదివి వినిపించేవారు. గడియారం బాగుచేయడంలో ఎంత నేర్పరో, డబ్బు వసూలు చేయడంలో అంత మతిమరుపు మనిషి. బిల్లు పంపడమే మర్చిపోయేవారట!

తల్లికి 1918లో పక్షవాతం వచ్చింది. మూడంటే మూడు మాటలే మిగిలాయి. అవును, కాదు అన్నవి రెండు. మూడోది కోరీ పేరు. అయినా ఆవిడ కిటికీ పక్కన కూర్చుని వీధిలో వెళ్ళేవాళ్ళని చూస్తూ ఉండేది. తెలిసినవాళ్ళు కనబడితే కోరీని పిలిచేది. ఎవరిని చూసిందో, వాళ్ళింట్లో పుట్టినరోజేమన్నా ఉందేమో కోరీ ఒక్కొక్కటే అడుగుతూ కనుక్కుని శుభాకాంక్షలు రాసేది. తల్లి బిగుసుకుపోయిన వేళ్ళతో కింద సంతకం పెట్టేది. 1921లో పోయేదాకా ఆవిడ చేసినదిదే. నా మటుకు నాకు, ఈ కుటుంబం గొప్పతనం యుద్ధంలో కన్నా ముందు ఇక్కడే కనిపిస్తుంది. పోయినదాన్ని పక్కన పెట్టి ఉన్నదానితో పదిమందికి పనికొచ్చేలా బతకడం పిల్లలు ఆ కిటికీ దగ్గరే నేర్చుకున్నారు.

కోరీకి పెళ్ళి కాలేదు. ఇష్టపడ్డ అబ్బాయి ఉన్నాడు గానీ, వాళ్ళింట్లో డబ్బున్న సంబంధం కావాలన్నారు. ఓరోజు ఆ అబ్బాయి కాబోయే భార్యని వెంటబెట్టుకుని మరీ ఇంటికొచ్చాడు! ఆ పిల్ల ఎంత ఏడ్చిందో ఊహించుకోవచ్చు. ఆ ప్రేమని చంపుకోవద్దనీ, అది పారడానికి వేరే దారి చూపించమని దేవుణ్ణి అడగమనీ తండ్రి చెప్పారట.

అప్పటిదాకా కొట్టు లెక్కలు బెట్సీవి, ఇంటిపని కోరీది. ఓసారి బెట్సీకి ఒంట్లో బాగాలేక కోరీ కొట్టులో కూర్చుంది. ఇద్దరికీ తమకి సరిపడే పని ఏదో అప్పుడు తెలిసింది. పనులు మార్చేసుకున్నారు. బెట్సీ చేతిలో ఆ పాత ఇల్లు పూలతో కళకళలాడింది. కోరీ లెక్కలతో ఆగక గడియారాల పనీ నేర్చుకుంది. 1922లో లైసెన్సు పొంది, హాలెండ్‌లో గడియారాల పనికి లైసెన్సు తెచ్చుకున్న మొదటి ఆడమనిషి అయింది. ఊళ్ళో ఆడపిల్లలకి క్లబ్బులు నడిపింది. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం ఆరాధనలు పెట్టింది. తండ్రి చెప్పిన ఆ వేరే దారి ఇదేనేమో!

బీరువా వెనక గది

1940 మే నెలలో జర్మన్ సైన్యం హాలెండ్‌ని ఆక్రమించుకుంది. యూదులకి బట్టల మీద పసుపు నక్షత్రం గుర్తు పెట్టారు. తర్వాత ఒక్కో కుటుంబమే మాయమవడం మొదలైంది. 1942లో ఓ యూదు స్త్రీ చేతిలో పెట్టెతో వీళ్ళ తలుపు కొట్టింది. కాస్పర్ గారు లోపలికి రమ్మన్నారు. అంతే, ఆ రోజునుంచి ఆ ఇల్లు దాక్కునేవాళ్ళ ఇల్లయిపోయింది. కోరీ వయసప్పుడు 50 ఏళ్ళు. మనలో చాలామందిమి ఇక మనకెందుకులే అనుకునే వయసు!

రేషను కార్డు లేకుండా తిండి దొరకని రోజులవి. కోరీ తనకి తెలిసిన ఆఫీసు మనిషి ద్వారా కార్డులు సంపాదించింది. పై అంతస్తులో తన పడకగదిలో రెండు మూడడుగుల వెడల్పున ఓ దొంగ గది కట్టించింది. ఇటుకల్ని బ్రీఫ్‌కేసుల్లో దాచి లోపలికి చేరవేశారు! బట్టల బీరువా కింది అర వెనక పలకని జరిపితే ఆ గదిలోకి పాకుతూ వెళ్ళొచ్చు. గంట మోగగానే ఎంత తొందరగా దాక్కోగలరో రోజూ అలవాటు చేసుకునేవారు.

చివరికి ఎవరో ద్రోహం చేశారు. 1944 ఫిబ్రవరి 28న పోలీసులు విరుచుకుపడ్డారు. ఇంట్లోవాళ్ళనీ, ఆరోజు వచ్చిపోతున్నవాళ్ళనీ కలిపి 30 మంది దాకా పట్టుకెళ్ళారు. దొంగ గదిలో ఉన్న ఆరుగురు మాత్రం దొరకలేదు. 84 ఏళ్ళ కాస్పర్ గారిని చూసి, బుద్ధిగా ఉంటానంటే ఇంటికి పంపిస్తానన్నాడు అధికారి. సాయం కోరి ఎవరొచ్చినా రేపు మళ్ళీ తలుపు తీస్తానన్నారాయన. పది రోజులకే జైల్లో కన్నుమూశారు.

కోరీని ఒంటరి కొట్లో పెట్టారు. అక్కడ ఆవిడకి తోడు చీమలే. రొట్టె ముక్కలు పొడిచేసి వాటికి పెట్టి, అవి వచ్చిపోతుంటే చూసుకునేది. అక్క నోలీ పంపిన పార్సిలు మీద చిరునామా స్టాంపు వైపు ఏటవాలుగా రాసి ఉంది. స్టాంపు ఊడదీస్తే, బీరువాలోని గడియారాలన్నీ భద్రంగా ఉన్నాయని చిన్న అక్షరాలు! దాక్కున్నవాళ్ళు తప్పించుకున్నారన్నమాట.

28వ నంబరు బ్యారక్

కొన్ని నెలలు వుఖ్ట్ అనే ఊరి క్యాంపులో ఉంచి, 1944 సెప్టెంబరులో కోరీనీ బెట్సీనీ జర్మనీలోని రావెన్స్‌బ్రుక్‌కి తోలారు. ఆడవాళ్ళ కోసమే కట్టిన క్యాంపది. యుద్ధకాలంలో లక్షా ఇరవై వేలమందికి పైగా ఆడవాళ్ళు అందులో మగ్గారు. వేలమంది అక్కడే చచ్చిపోయారు. తనిఖీలో ఒంటిమీది బట్టలతో సహా అన్నీ లాగేసుకునేవారు. కోరీ ఓ చిన్న బైబిలునీ, విటమిన్ చుక్కల సీసానీ గౌను కింద వీపు దగ్గర వేలాడదీసుకుంది. ముందున్నవాళ్ళనీ వెనకున్నవాళ్ళనీ తడిమారు గానీ, ఆవిణ్ణి వదిలేశారు.

28వ నంబరు బ్యారక్‌కి మార్చిన రోజు వాళ్ళ అసలు పరీక్ష మొదలైంది. 400 మందికని కట్టిన చోట 1,400 మంది ఉన్నారని కోరీ రాసింది. చెక్క అరలు, వాటిమీద కుళ్ళిన గడ్డి. అందులో పడుకుందో లేదో కోరీ కాలు చురుక్కుమంది. మిన్నల్లులు! కుక్కల ఒంటిమీద గెంతుతూ కుడతాయే, ఆ పురుగులు. ఇక్కడెలా బతకాలని కోరీ గోలపెట్టింది. బెట్సీ మాత్రం పొద్దున చదివిన భాగం గుర్తుచేసింది. థెస్సలొనీకలోని విశ్వాసులకి పౌలు రాసిన మొదటి ఉత్తరంలో, ఎలాంటి పరిస్థితిలోనైనా కృతజ్ఞత చెప్పుకొమ్మని ఉంటుంది. అయితే ఇప్పుడే చెప్పుకుందామంది బెట్సీ.

ఒక్కొక్కటే లెక్కపెట్టారు. అక్కచెల్లెళ్ళిద్దర్నీ విడదీయలేదు, సంతోషం. బైబిలు చేతికి దక్కింది, సంతోషం. ఇంత కిక్కిరిసి ఉన్నారు గనక ఎక్కువమంది వాక్యం వింటారు, అదీ సరే. అంతదాకా కోరీ తలూపింది. ఆ తర్వాత బెట్సీ పురుగులకి కూడా వందనాలు చెప్పింది! ఇక కోరీ వల్ల కాలేదు. పురుగులకి కృతజ్ఞత ఏమిటి, బెట్సీ ఈసారి తప్పే చెబుతోందనుకుంది. ఆ మాట దాచుకోకుండా పుస్తకంలో రాసింది. అందుకే నాకావిడంటే ఇంత నమ్మకం.

రోజూ పనయ్యాక మసక దీపం కింద బైబిలు చదివేవారు. వీళ్ళు డచ్చి భాష నుంచి జర్మన్‌లోకి చెబితే, అది ఫ్రెంచి, పోలిష్, రష్యన్, చెక్ భాషల్లోకి అర నుంచి అరకి పాకేది. పట్టుబడితే ఏం చేస్తారో అందరికీ తెలుసు. విచిత్రం ఏమిటంటే, కాపలావాళ్ళెవరూ లోపలికి వచ్చేవారే కాదు. బెట్సీకి బలం లేదని బ్యారక్‌లోనే మేజోళ్ళు అల్లే పనిలో వేశారు. ఓరోజు మేజోళ్ళ సైజు విషయంలో అనుమానమొచ్చి అజమాయిషీ చేసే ఆవిణ్ణి పిలిస్తే, గడప దాటనంది. లోపల పురుగులున్నాయిగా మరి! ఆ సాయంత్రం బెట్సీ కళ్ళు మెరిసిపోతూ ఈ సంగతి చెల్లెలికి చెప్పింది.

ఓర్చుకోవడం వేరు

ఈ కథ చెప్పినప్పుడు ఓ చిక్కొస్తుంది. ఆడవాళ్ళకి సర్దుకుపోమని చెప్పడానికి లోకం ఎప్పుడూ సిద్ధమే. తాగొచ్చి కొట్టే మొగుడికి కూడా కృతజ్ఞత చెప్పాలా, పురుగుల కథ అందుకా అని ఎవరైనా అడిగితే అడగడం న్యాయమే. నేనూ ఆలోచించాను. బెట్సీ లెక్కలో జర్మన్ సైన్యం లేదు, కొరడా లేదు, క్యాంపు కట్టినవాళ్ళు లేరు. ఆ నరకంలోనూ తమకి మిగిలినవాటినే ఆవిడ లెక్కపెట్టింది. పైగా ఈ కుటుంబం ఏ అన్యాయానికీ తలవంచలేదు. చట్టాన్ని ధిక్కరించి గోడ కట్టారు, ప్రాణాలొడ్డి జనాన్ని దాచారు. వాళ్ళకి ప్రార్థనా, ఎదిరించడమూ రెండూ ఒకే ఇంట్లో కాపురమున్నాయి.

కృతజ్ఞత చెప్పినంత మాత్రాన కష్టం తీరిపోనూ లేదు. బెట్సీకి మొదటినుంచీ రక్తహీనత జబ్బు. ఆ చలిలో, చాలీచాలని తిండితో చిక్కిపోయింది. మట్టి మోయలేకపోతోందని ఓ కాపలా మనిషి కొరడాతో కొట్టింది. కోరీ పారతో మీదికి ఉరకబోతే బెట్సీయే ఆపింది. యుద్ధమయ్యాక గాయపడ్డ మనసులకి ఓ ఇల్లు పెట్టాలనీ, పెద్ద కిటికీలు, చుట్టూ పూలతోట ఉండాలనీ చెబుతుండేది. 1944 డిసెంబరు 16న కన్నుమూసింది. 59 ఏళ్ళు.

ఆ నెలాఖర్లోనే కోరీని విడుదల చేశారు. అది గుమాస్తా పొరపాటనీ, వారం తర్వాత తన వయసు ఆడవాళ్ళని చంపేశారనీ ఆవిడకి తర్వాతెప్పుడో తెలిసింది. 1945లో బ్లూమెండాల్‌లో అక్క కలగన్న ఇల్లు నిజంగానే తెరిచింది. 1947లో మ్యూనిక్ ఊరి చర్చిలో క్షమాపణ గురించి మాట్లాడి దిగుతుంటే, రావెన్స్‌బ్రుక్‌లో కాపలా కాసిన మనిషి ఎదురొచ్చి చెయ్యి చాపాడు. ఆవిడ చెయ్యి లేవలేదు. బెట్సీ ఎముకలగూడు కళ్ళముందు కదిలింది. తనవల్ల కాదు, నువ్వే చేయించమని లోపల్లోపల ప్రార్థించి, అప్పుడు చెయ్యి కలిపింది. ఇదీ ఆవిడ దాచుకోలేదు.

ఆ తర్వాత 60కి పైగా దేశాలు తిరిగింది. 1967లో ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ సంస్థ ఆవిణ్ణి యూదుల ప్రాణాలు కాపాడినవాళ్ళలో ఒకరిగా గౌరవించింది. 1971లో పుస్తకం, 1975లో సినిమా వచ్చాయి.

1978లో కోరీకి కూడా పక్షవాతం వచ్చింది. ప్రపంచమంతా మాట్లాడిన మనిషికి, అచ్చం తల్లికిలాగే, మాట పోయింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఇంట్లో మరో అయిదేళ్ళు అలాగే ఉంది. 1983 ఏప్రిల్ 15న, సరిగ్గా తన 91వ పుట్టినరోజునాడు, వెళ్ళిపోయింది. ఆ హార్లెం ఇంటిని 1988లో మ్యూజియం చేశారు. చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి పై గదిలో ఆ బట్టల బీరువానీ, దాని కింది అరనీ చూపిస్తారు.