మోనే కళ్లకు కమ్మిన పొర

ఈమధ్య టీవీలో రంగులు సరిగా రావడం లేదని ఇంట్లో నాన్నగారు అంటున్నారా? తెల్ల పంచె ఎంత ఉతికినా పసుపు తిరిగినట్టే ఉందని అమ్మ విసుక్కుంటోందా? టీవీనీ సబ్బునూ అనుమానించే ముందు ఒక పెద్దాయన సంగతి చదవండి. ఆయనకు రంగులే బతుకుతెరువు.

క్లోడ్ మోనే 1840లో పారిస్‌లో పుట్టారు. సముద్రం ఒడ్డున ఉన్న ల హావ్ర్ పట్టణంలో పెరిగారు. 1872లో అక్కడి రేవులో సూర్యోదయాన్ని చూసి ఆయన వేసిన చిత్రం పేరు నుంచే ‘ఇంప్రెషనిజం’ అనే మాట పుట్టింది. వెలుతురు ఏ వేళకు ఎలా మారుతుందో పట్టుకోవడమే ఆయన పని. ఒకే గడ్డివామును పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా, మంచులో మరోలా గీసేవారు. 1883లో జివెర్నీ అనే పల్లెలో స్థిరపడ్డారు. పదేళ్ల తర్వాత అక్కడే చెరువు తవ్వించి కలువలు పెంచారు, జపాను తరహా వంతెన కట్టించారు. ఆ చెరువే చివరి ముప్పై ఏళ్లూ ఆయన లోకం.

1908లో వెనిస్ వెళ్లే నాటికి ఆయనకు అరవై ఏడు దాటాయి. చూపులో ఏదో తేడా వస్తోందని అప్పటి నుంచే అనుమానం మొదలైంది. 1911లో భార్య ఆలిస్ చనిపోయింది. మరుసటి ఏడాది డాక్టర్లు రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయని తేల్చారు. కుడి కన్ను మరీ పాడైంది, ఆపరేషన్ చేయించుకోమన్నారు. మోనే ఒప్పుకోలేదు. అలా పదేళ్లు గడిచాయి. ఈలోగా 1914లో పెద్ద కొడుకు జాఁ కూడా పోయాడు. కోడలు బ్లాంష్ దగ్గరుండి ఆయన్ని చూసుకుంది.

ఆ పదేళ్లలో ఆయన కంట్లో జరిగింది ఇదీ. నల్లగుడ్డు వెనక ఉండే లెన్స్ పుట్టినప్పుడు గాజులా తేటగా ఉంటుంది. వయసుతోపాటు అందులోని ప్రొటీన్లు ముద్దకట్టి, లెన్స్ పసుపుగా, ఆ తర్వాత గోధుమ రంగుగా మారుతుంది. అది ముందుగా అడ్డుకునేది నీలం కాంతినే. అందుకే నీలం, ఊదా వెలిసిపోతాయి, లోకమంతా టీ డికాక్షన్‌లో ముంచినట్టు ఉంటుంది. ఈ మార్పు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. అందుకే మా ఓపీలో ‘చూపెలా ఉంది’ అని అడిగి ఊరుకోను. రాత్రి ఎదురుగా వచ్చే బండి లైటుకు కళ్లు చెదురుతున్నాయా, మెట్లు దిగేటప్పుడు తడుముకుంటున్నారా అని అడుగుతాను. అప్పుడు అవునంటారు.

మోనే వంతెన చిత్రాలు ఎక్కడైనా దొరికితే పక్కపక్కన పెట్టి చూడండి. 1899 నాటి దాంట్లో ఆకుపచ్చ, నీలం, గులాబీ చల్లగా ఉంటాయి. 1920 ప్రాంతంలో వేసినవాటిలో ఎరుపు, గోధుమ, ముదురు నారింజ కలగలిసి వంతెన ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ రోజుల్లో ఆయన రంగు ట్యూబుల మీది పేర్లు చూసుకుని, పళ్లెంలో ఏ రంగు ఎక్కడుంటుందో గుర్తుపెట్టుకుని వేసేవారు. ఎండ తళుకు తట్టుకోలేక వెడల్పాటి అంచు టోపీ పెట్టుకునేవారు.

మరి ఆపరేషన్‌కు ఎందుకంత భయం? ఆయనను నేను తప్పుపట్టలేను. అప్పట్లో లెన్సును తీసేవారే గాని దాని బదులు పెట్టడానికేమీ లేదు. కోత మానేదాకా కళ్లకు కట్టు కట్టి, తల కదలకుండా రోజుల తరబడి పడుకోబెట్టేవారు. తోటి చిత్రకారిణి మేరీ కసాట్‌కు చేసిన శుక్లాల ఆపరేషన్లు ఫలించలేదని ఆయనకు తెలుసు. పోతే చూపే పోతుంది, చూపు పోతే బొమ్మలుండవు.

ఆయన్ని వదలకుండా పోరినవాడు ఒకే ఒక స్నేహితుడు, జార్జ్ క్లెమన్సో. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే వేళ ఫ్రాన్స్ ప్రధాని ఆయనే. చదువుకున్నది వైద్యం. మోనే కలువల చిత్రాలను దేశానికి ఇస్తానని మాట ఇచ్చారు, ఇప్పుడేమో కళ్లు సహకరించడం లేదు. 1922 సెప్టెంబరులో పారిస్ కంటి డాక్టరు షార్ల్ కుతెలా పరీక్షించేసరికి కుడి కంటికి వెలుతురు తప్ప ఏమీ తెలియడం లేదు. మామూలు కళ్లు అరవై మీటర్ల నుంచి పోల్చుకునేదాన్ని ఎడమ కన్ను ఆరు మీటర్ల దగ్గరకొస్తేనే పోల్చుకుంటోంది. మోనే ఇంకా చుక్కల మందే అడిగారు. నల్లగుడ్డును పెద్దది చేసే చుక్కలు వేశారు. పొర పక్కల నుంచి కొంత వెలుతురు దూరి కొన్నాళ్లు బాగున్నట్టనిపించింది. అంతే. శుక్లాన్ని కరిగించే చుక్కలు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. అలా చెప్పి అమ్మేవాళ్లు మాత్రం ఉన్నారు, జాగ్రత్త.

1923 జనవరిలో, ఎనభై రెండేళ్ల వయసులో, కుడి కంటికి ఆపరేషన్ జరిగింది. ఒక్కసారితో పోలేదు. అటూఇటూ కదలకుండా పడుకోలేక ఆయన కట్లు పీక్కోబోయారు. వెనక మిగిలిన పొర మళ్లీ మందమైతే ఆ వేసవిలో ఇంకోసారి కోయాల్సి వచ్చింది. ఆ తర్వాత సోడాబుడ్డి కళ్లద్దాలు. వాటిలో వస్తువులు పావు వంతుకు పైగా పెద్దవిగా కనిపిస్తాయి, గీతలు వంగుతాయి. ఒక కంటికి ఆపరేషనై, రెండో కంటికి కాకపోతే రెండు బొమ్మలూ కలవవు. పైగా ఇన్నేళ్లూ ఆగిపోయిన నీలం ఒక్కసారిగా లోపలికి వచ్చింది. అంతా నీలమేనని మోనే గోలపెట్టారు. ఆ కాలంలో ఆయన తన ఇంటినే కొన్నిసార్లు ఎర్రగా, కొన్నిసార్లు నీలంగా గీశారు.

ఇక మీ సంగతి. మోనే చనిపోయిన 23 ఏళ్లకు, 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ కంట్లో కృత్రిమ లెన్స్ అమర్చారు. ఇవాళ చాలామందికి చుక్కల మత్తుతో అరగంటలోపే ఆపరేషన్ అయిపోతుంది, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. అయినా ‘ఇంకా పండలేదటండీ, ముదిరాక చేయిద్దాం’ అంటూ తల్లిదండ్రులను రెండు మూడేళ్లు ఆపేసే కొడుకులూ కూతుళ్లూ నాకు ప్రతి వారం కనిపిస్తారు. ముదిరేదాకా ఆగాలనేది పాత రోజుల మాట. బాగా ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది. కొందరిలో కంటి ఒత్తిడి పెరిగి, కన్ను ఎర్రబడి, నొప్పితో చూపు పోవచ్చు. రోజువారీ పనికి చూపు అడ్డొస్తుంటే అదే సమయం. సుగరు ఉన్నవాళ్లు అసలు ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే పొర మందమైతే వెనక రెటీనా ఎలా ఉందో కంటి డాక్టరుకే కనిపించదు. పూర్తిగా ప్రమాదం లేదనీ చెప్పను. అరుదుగా ఇన్ఫెక్షన్ వస్తుంది. ఆపరేషన్ అయ్యాక నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా తెల్లవారేదాకా ఆగకుండా వెళ్లండి. పొగ తాగేవాళ్లకు శుక్లాలు త్వరగా వస్తాయి. మోనే నోట్లో సిగరెట్ ఎప్పుడూ ఉండేది.

మంచి అద్దాలు కుదిరాక, 1925 నాటికి ఆయన చూపుతో సంతృప్తి పడ్డారు. మసక కాలంలో వేసినవి కొన్ని నాశనం చేసి, కలువల చిత్రాలకు మళ్లీ కూర్చున్నారు. 1926 డిసెంబరు 5న, 86 ఏళ్ల వయసులో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. మరుసటి మే నెలలో పారిస్‌లోని ఒరాంజెరీలో రెండు కోడిగుడ్డు ఆకారపు గదుల నిండా ఆ చిత్రాలను జనం కోసం తెరిచారు. ఎడమ కంటికి మాత్రం ఆయన చివరిదాకా ఆపరేషన్ చేయించుకోలేదు.