సర్ హెన్రీ రాయిస్ దొర

రాయిస్ దొర పేరు మోటారుబండ్లను బట్టి యెల్లరు నెరుగుదురు. విమానయంత్రములకై యాయన పడిన శ్రమను మే మిట వ్రాయుచున్నాము.

1863లో ఇంగ్లండున పిండిమర నడుపువా రింట జన్మించిన యీ బాలుడు తొమ్మిదవయేట తండ్రిని గోల్పోయి వీధులలో పత్రిక లమ్మెను. బంధువురా లొకతె రుసుము గట్టుటచే రైల్వే కార్ఖానాలో పని నేర్వసాగెను గాని, మూడేండ్లకే యా సొమ్ము నిలిచిపోయెను. 1884లో, తాను కూడబెట్టిన 20 పౌనులతో, మిత్రునితో గలిసి మాంచెస్టరున సొంతపని పెట్టెను.

నీటితో చల్లబరచు విమానయంత్రమున కొక చిక్కు గలదు. మీది కెగసినకొలది గాలి యొత్తిడి తగ్గి నీరు తక్కువ వేడికే మరగును. 1926 ప్రాంతమున రూపొందిన కెస్ట్రెల్ యంత్రమున, మూత బిగించిన పాత్రయందువలె, నీటిని ఒత్తిడిలో బంధించిరి. నూరు డిగ్రీలు దాటినను మరగకుండుటచే చిన్న రేడియేటరే చాలెను.

అప్పటికి దొర చిరరోగి. కార్ఖానాకు దూరమై సముద్రతీరగృహమునుండియే పని నడుపుచుండెను. 1928లో వెస్ట్ విట్టరింగ్ తీరమున, ఇసుకపై చేతికఱ్ఱతో, పందెపు విమానమునకు వలయు యంత్రము రూపు గీసె నని చెప్పుదురు. మన రాజయ్యపేట యిసుకలో పిల్లలు పడవలు గీయుట చూచినప్పుడెల్ల మాకిది స్ఫురించును. 1931లో ఆ యంత్రము సూపర్‌మెరైన్ విమానమును గంటకు 407 మైళ్ల వేగమున నడిపెను.

1933 ఏప్రిల్ 22న దొర గతించెను. ఆయన కాలముననే యారంభమైన మెర్లిన్ యంత్రము తొలిసారి తిరిగినది ఆ యేటి అక్టోబరులో. రెండవ ప్రపంచయుద్ధమున మన భారత వైమానికులు బర్మాపై నడిపిన హరికేన్ విమానముల యంత్ర మదియే.