పరవస్తు చిన్నయ సూరి
పరవస్తు చిన్నయ సూరి 19వ శతాబ్దికి చెందిన సుప్రసిద్ధ తెలుగు వైయాకరణుడు, గద్య రచయిత. మద్రాసులో పచ్చయప్ప పాఠశాలలోను, తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలోను తెలుగు బోధించాడు.

నాటి తెలుగు చదువులో పద్యకావ్యాలకే ప్రాధాన్యం. పద్యంలో ఛందస్సు కొరకు పదాలు స్థానం మారుతుంటాయి కనుక వాక్యనిర్మాణం బాలురకు సులభంగా పట్టుబడదు. 1853లో వెలువడిన నీతిచంద్రికలో సూరి మిత్రలాభ, మిత్రభేద కథలను గద్యంలో చెప్పి వాక్యరచనకు మాదిరి చూపాడు.

1858 నాటి బాలవ్యాకరణంలో పది పరిచ్ఛేదాలున్నాయి, వాటిలో వాక్యానికంటూ ప్రత్యేకించినది లేదు. పేరులో బాల శబ్దమున్నా సూత్రాలు పెద్దలకే కఠినమైనవి. అయితే వాక్యాలను కలిపే సాధనాలు క్రియలను గూర్చిన భాగంలోనే లభిస్తాయి. రాముడు వచ్చెను, రాముడు భుజించెను అను రెండు సామాన్య వాక్యాలు క్త్వార్థకం చేత రాముడు వచ్చి భుజించెను అని ఒక్కటవుతాయి. దీనినే నేటి పాఠశాలలలో సంశ్లిష్ట వాక్యమంటారు. వాక్యాలు సమప్రాధాన్యంతో కలిస్తే అది సంయుక్త వాక్యం.

సూరి గ్రాంథిక గద్యం దశాబ్దాల పాటు విద్యార్థుల రచనకు ప్రమాణమైంది. మాట్లాడే వాక్యం ఒకటి, వ్రాయవలసిన వాక్యం మరొకటి కావడాన్ని 20వ శతాబ్ది ఆరంభంలో గిడుగు రామమూర్తి తీవ్రంగా వ్యతిరేకించాడు. క్రమంగా పాఠ్యపుస్తకాల వాక్యం వ్యావహారికానికి మారింది. సూరి సంధి, సమాస సూత్రాలు మాత్రం పాఠశాల వ్యాకరణంలో నిలిచిపోయాయి.