ఎండతో ఇంజను నడిపిన షుమన్

భూతద్దంతో ఎండను ఒక్కచోటికి చేర్చి కాగితం కాల్చడం మీలో చాలామంది చేసే ఉంటారు. అగ్నినక్షత్రం రోజుల్లో మెరీనా ఇసుక మీద వట్టికాళ్లతో నడవడం ఎంత కష్టమో చెన్నై పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. ఆ వేడితోనే పెద్ద యంత్రాన్ని నడపాలని పూనుకున్నవాడు ఫ్రాంక్ షుమన్.

షుమన్ 1862 జనవరి 23న అమెరికాలోని బ్రూక్లిన్‌లో జన్మించాడు. బడికి వెళ్లింది మూడేళ్లే. మిగిలిన చదువంతా స్వయంకృషి. గాజుపలకలో తీగల వలను ఇమిడ్చి, పగిలినా ముక్కలు రాలని గాజును తయారుచేసి 1892లో పేటెంటు పొందాడు. అలా గడించిన ధనం ఎండ ప్రయోగాలకు అక్కరకు వచ్చింది. 1907లో ఫిలడెల్ఫియా నగరంలోని టాకొనీలో, గాజు మూత గల పెట్టెలో నల్లని గొట్టాలు అమర్చి, వాటిలోని ఈథర్‌ను ఎండకు మరిగించి చిన్న ఇంజనును నడిపి చూపాడు. ఈథర్ కొద్దిపాటి వేడికే మరుగుతుంది. నీటితో అంత సులువు కాదు.

అసలు పరీక్ష ఈజిప్టులో జరిగింది. కైరో సమీపంలోని మాదీ గ్రామంలో పత్తిచేలకు నైలు నది నీరు తోడాలి. బొగ్గు ఓడల మీద రావాలి కనుక దాని ధర హెచ్చు. ఎండకు మాత్రం కొదవ లేదు. షుమన్ అక్కడ 62 మీటర్ల పొడవైన అద్దాల తొట్లు ఐదు నిర్మించాడు. భూతద్దం ఎండను ఒక చుక్కగా చేరుస్తుంది. పరావలయాకారపు తొట్టి ఒక గీత వెంబడి చేరుస్తుంది. ఆ గీత మీద నీటి గొట్టం ఉంటుంది. నీరు ఆవిరై ఇంజనును నడుపుతుంది. ఈ వంపును సూచించినవాడు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బాయ్స్. సూర్యుని వెంట తొట్లు తూర్పు నుండి పడమరకు వాటంతట అవే తిరిగేవి.

1912లో తొలి ప్రయత్నంలోనే జింకు గొట్టాలు మెత్తబడి కుంగిపోయాయి. ఎండ చాలుతుందో చాలదో అన్నవారికి ఎండ ఎక్కువై వచ్చిన చిక్కు ఇది! షుమన్ వాటిని తీయించి పోత ఇనుము గొట్టాలు పెట్టించాడు. 1913లో పంపు నిమిషానికి 6,000 గ్యాలన్ల నీరు తోడింది. జర్మనీ ప్రభుత్వం కూడ ధనసహాయానికి ముందుకు వచ్చింది.

మరుసటి ఏడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. ఇంజనీర్లు స్వదేశాలకు వెళ్లిపోయారు. మాదీ యంత్రాలను విప్పి, లోహాన్ని యుద్ధ అవసరాలకు తరలించారు. యుద్ధం ముగియకముందే, 1918 ఏప్రిల్ 28న షుమన్ కన్నుమూశాడు. తరువాత చమురు చౌకగా దొరకడంతో ఎండ యంత్రాలను తలచినవారే అరుదు.

షుమన్ యంత్రం నీరు తోడిందే గాని విద్యుత్తును ఇవ్వలేదు. అదే ఆవిరితో టర్బైను తిప్పితే విద్యుత్తు పుడుతుంది. 1984 నుండి అమెరికాలోని మొజావే ఎడారిలో అటువంటి కేంద్రాలు వెలిశాయి. 2014లో మన అనంతపురం జిల్లాలోనూ 50 మెగావాట్ల కేంద్రం ఒకటి మొదలైంది. అక్కడా వంచిన అద్దాల తొట్లే. గొట్టాలలో మాత్రం నీటికి బదులు నూనె పారుతుంది; ఆ నూనె వేడికి వేరొకచోట నీరు ఆవిరవుతుంది.