గుంటూరు వైద్యురాలు కుగ్లర్

గుంటూరు పట్టణమున కుగ్లర్ ఆసుపత్రిని ఎరుగనివారు అరుదు. ఆ పేరు గల స్త్రీ జీవితము నెరిగినవారు మాత్రము కొందరే.

అన్నా సారా కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించెను. స్త్రీలు వైద్యము నేర్చుటయే వింతగా నున్న ఆ కాలమున, 1879లో అచటి మహిళా వైద్యకళాశాలనుండి పట్టము పొందెను. 1883 నవంబరులో లూథరన్ మిషను పక్షమున గుంటూరు చేరెను. మిషనువారు ఆమెను పంపినది వైద్యమునకు గాదు, ఘోషా స్త్రీలకు చదువు చెప్పుటకు. అయినను ఆమె మందులను వెంట తెచ్చుకొనెను. పరపురుషునికి నాడి చూపుటకును సంకోచించు ఇల్లాండ్రకు ఆమె రాక కొండంత అండ యయ్యెను. తొలి ఏడాదిలోనే ఇండ్లకు పోయి 185 మందిని, తన నివాసమునకు వచ్చిన 276 మందిని చూచెను. 1885 డిసెంబరులో మిషను ఆమెను వైద్యురాలిగా నియమించెను.

ఆసుపత్రి లేని ఆ దినములలో రోగమును గుర్తించుట, మందు కలిపి యిచ్చుట, రోగిని కనిపెట్టి యుండుట అను మూడు పనుల భారము చాలవరకు ఆమెపైననే పడెను. ఎంతటి నేర్పరికైనను ఒంటిచేతి చప్పట్లు మ్రోగవు. అందుచే విరాళములు కూడబెట్టి 1893లో మందుల శాలను, 1898లో ఆసుపత్రిని తెరపించెను. అచట నర్సులకు శిక్షణ యేర్పడెను. వైద్యురాలు, నర్సు, కాంపౌండరు ఒకే రోగికొరకు చేయి చేయి కలిపి పనిచేయు పద్ధతి నెలకొనెను. తన భార్యకు జరిగిన చికిత్సకు కృతజ్ఞతగా ఏలూరు జమీందారు భుజంగరావు గారు ఆసుపత్రి యెదుట సత్రము కట్టించిరి. రోగి బంధువులకును అట్లు చోటు దొరకెను.

1905లో ప్రభుత్వము ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకము నొసగెను. 1930 జూలై 26న, ప్రత్తి, మిరప పండు ఆ నేలమీదనే ఆమె కన్నుమూసెను.

ఆమె ఆసుపత్రిలో పనిద్వారా నేర్చినది నేడు పాఠ్యప్రణాళికలో చేరుచున్నది. 2008లో మన దేశమున నెలకొల్పబడిన ఫార్మ్.డి. చదువునందు ఔషధవిద్యార్థి వైద్యునితో కలిసి వార్డులు తిరుగవలెను. వివిధ వైద్యవృత్తులవారు కలిసి నేర్వవలెనని 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు చాటెను. రోగమును ఒకరు, మందును ఒకరు, శుశ్రూషను ఒకరు వేరువేరు గదులలో చదివి, రోగి మంచముకడ తొలిసారి కలిసికొన్నచో, వారి నడుమ జరుగు పొరపాటుకు బలియగునది రోగియే. కుగ్లర్ జీవితము విద్యార్థులకు చెప్పు పాఠ మిదియే.