అయ్యగారి సాంబశివరావు

అయ్యగారి సాంబశివరావు (1914 సెప్టెంబరు 20 - 2003 అక్టోబరు 31) భారతదేశపు ప్రముఖ ఎలక్ట్రానిక్స్ శాస్త్రవేత్త, హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఇ.సి.ఐ.ఎల్.) సంస్థ వ్యవస్థాపకుడు. ఏ.ఎస్.రావుగా ప్రసిద్ధుడు. ఆయన నేతృత్వంలో దేశీయంగా రూపొందిన కంప్యూటర్లు, టెలివిజన్లు, అణు రియాక్టర్ల నియంత్రణ పరికరాలు భారతదేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు పునాది వేశాయి. దేశంలో ఇంటర్నెట్ రాకకు పూర్వం కంప్యూటరు అనే యంత్రాన్ని ఇక్కడే తయారుచేయగలమని నిరూపించిన తొలితరం సాంకేతిక నిపుణులలో ఆయన ఒకడు.

జన్మస్థలం, విద్యాభ్యాసం

సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో జన్మించాడు. ఈ గ్రామం భీమవరానికి సమీపంలో, పాలకోడేరు మండలంలో ఉంది. స్వాతంత్ర్య సమరయోధుడు అల్లూరి సీతారామరాజు పూర్వీకుల గ్రామం కూడా ఇదే. ఆయన పుట్టేనాటికి పశ్చిమ గోదావరి జిల్లా ఇంకా ఏర్పడలేదు. ఈ ప్రాంతం అప్పట్లో కృష్ణా జిల్లాలో అంతర్భాగం. 1925లో కృష్ణా జిల్లాను విభజించి, ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి జిల్లాను ఏర్పాటు చేశారు. 2022లో జరిగిన పునర్విభజనలో ఏలూరు వేరే జిల్లాలోకి వెళ్ళింది. మోగల్లు మాత్రం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరి జిల్లాలోనే కొనసాగుతున్నది.

గోదావరి కాలువల నీటితో వరి పండే డెల్టా ప్రాంతమిది. పడమటి దిక్కున కొల్లేరు సరస్సు, దాని నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు ఉన్నాయి. ఆ రోజులలో ఇక్కడి గ్రామాలకు విద్యుత్తు లేదు. ఏలూరు, తాడేపల్లిగూడెంల మీదుగా సాగే మద్రాసు - కలకత్తా రైలుమార్గం వెంబడి ఉన్న తంతి తీగలే దూరప్రాంతాలకు తక్షణం వార్త చేరవేసే సాధనం. వ్యవసాయమే ఆధారమైన ఇటువంటి పల్లెలో పుట్టిన వ్యక్తి, దేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమను నిలబెట్టిన వారిలో ముఖ్యుడు కావడం విశేషం.

ఉన్నత విద్యకై ఆయన కాశీ వెళ్ళి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. పట్టా పొందాడు. అదే విశ్వవిద్యాలయంలో కొన్ని సంవత్సరాలు అధ్యాపకుడిగా పనిచేశాడు. 1940ల ద్వితీయార్ధంలో టాటా విద్యార్థి వేతనంపై అమెరికా వెళ్ళి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివాడు. తరువాతి కాలంలో సిలికాన్ వ్యాలీగా పేరుపొందిన ప్రాంతం అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్న సమయమది. 1946లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నెలకొల్పిన స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థే, 1969లో ఇంటర్నెట్‌కు మాతృక అయిన ఆర్పానెట్‌లో తొలి సందేశాన్ని అందుకున్న కేంద్రం.

ట్రాంబేలో పరిశోధన

భారతదేశానికి తిరిగివచ్చిన తరువాత సాంబశివరావు బొంబాయిలో హోమీ జహంగీర్ భాభా నాయకత్వంలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరాడు. విశ్వకిరణాల పరిశోధనకు కావలసిన గీగర్ గణకాలు, వర్ధకాలు మొదలైన పరికరాలు అప్పట్లో విదేశాల నుండి తెప్పించుకోవలసి వచ్చేది. వాటిని ఇక్కడే తయారుచేయడానికి ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ ఉత్పత్తి విభాగం ఆయన ఆధ్వర్యంలో ఎదిగింది. అనంతరం ఈ విభాగం ట్రాంబేలోని అణుశక్తి సంస్థలో భాగమైంది. ఈ సంస్థనే భాభా మరణానంతరం 1967లో భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) అని పేరు మార్చారు.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయడం ఆరంభించింది. సోవియట్ యూనియన్‌ను మినహాయిస్తే ఆసియాలో ఇదే మొదటి అణు రియాక్టరు. ఇంధనం బ్రిటన్ నుండి వచ్చినప్పటికీ, దీని నియంత్రణ వ్యవస్థను సాంబశివరావు బృందం దేశంలోనే తయారుచేసింది. రియాక్టరులో న్యూట్రాన్ల సంఖ్యను క్షణక్షణం కొలవడం, అది హద్దు దాటితే నియంత్రణ కడ్డీలు తమంతట తామే లోపలికి దిగి చర్యను ఆపివేసేలా చూడడం ఈ వ్యవస్థ పని. ఇందులో ఏ చిన్న లోపం ఉన్నా ప్రమాదమే కనుక, పరికరాల విశ్వసనీయత ప్రాణావసరం. ఎలక్ట్రానిక్ పరికరం కొలత చెప్పడంతో సరిపెట్టక, తానే నిర్ణయం తీసుకుని పనిచేయాలన్న ఈ అవసరమే తరువాత ఆ బృందాన్ని కంప్యూటర్ల వైపు నడిపించింది.

ఎలక్ట్రానిక్స్ కమిటీ

1962లో చైనాతో జరిగిన యుద్ధం, సైనిక సమాచార సాధనాలలో దేశం ఎంత వెనుకబడి ఉన్నదో తేటతెల్లం చేసింది. దీని పర్యవసానంగా 1963లో కేంద్ర ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఒక ఎలక్ట్రానిక్స్ కమిటీని నియమించింది. విక్రం సారాభాయ్, సూరి భగవంతం, ఏ.ఎస్.రావు ఇందులో సభ్యులు. దేశానికి అవసరమైన ఎలక్ట్రానిక్ పరికరాలను, వాటి విడిభాగాలను పదేళ్ళలో స్వదేశంలోనే ఉత్పత్తి చేసుకోవాలన్నది ఈ కమిటీ లక్ష్యం. కమిటీ నివేదిక 1966లో వెలువడింది. అదే సంవత్సరం జనవరి 24న భాభా విమాన ప్రమాదంలో మరణించాడు. నివేదికలోని ఆశయాన్ని కార్యరూపంలోకి తెచ్చే బాధ్యతలో ప్రధాన భాగం సాంబశివరావుపై పడింది.

ఇ.సి.ఐ.ఎల్. స్థాపన

1967 ఏప్రిల్ 11న అణుశక్తి విభాగం క్రింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా హైదరాబాదులో ఏర్పడింది. సాంబశివరావు దీనికి మొదటి మేనేజింగ్ డైరెక్టరు. ట్రాంబే ప్రయోగశాలలో రూపొందిన నమూనాలను పారిశ్రామిక స్థాయిలో ఉత్పత్తి చేయడం ఈ సంస్థ ముఖ్యోద్దేశం. ప్రయోగశాలలో ఒక్క పరికరాన్ని నెలల తరబడి శ్రమించి పనిచేయించడం వేరు, అదే పరికరాన్ని వందల సంఖ్యలో, ఒకే నాణ్యతతో తయారుచేసి, కొన్నవారికి మరమ్మత్తు సేవలు అందించడం వేరు. విదేశీ సాంకేతిక ఒప్పందాలపై ఆధారపడక, స్వదేశీ పరిజ్ఞానంతోనే ఈ అంతరాన్ని దాటాలన్నది ఆయన పట్టుదల.

కంప్యూటర్ల తయారీ

1969 జనవరిలో టి.డి.సి.-12 అనే కంప్యూటరును విక్రం సారాభాయ్ ఆవిష్కరించాడు. టి.డి.సి. అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. బార్క్‌లో రూపకల్పన జరిగి ఇ.సి.ఐ.ఎల్. ద్వారా ఉత్పత్తి అయిన ఈ 12 బిట్ల యంత్రం రియాక్టర్ల వంటి చోట్ల తత్‌క్షణ నియంత్రణకు ఉద్దేశించబడింది. అంతకు ముందే టాటా మౌలిక పరిశోధన సంస్థ 1960లో టిఫ్రాక్ అనే కంప్యూటరును నిర్మించింది. కానీ అది ఆ సంస్థ అవసరాలకై నిర్మించిన ఏకైక యంత్రం. వినియోగదారులకు అమ్మే ఉద్దేశంతో దేశంలో రూపొందిన కంప్యూటర్లు టి.డి.సి. శ్రేణితోనే మొదలయ్యాయి. ఆ తరువాత 1974లో టి.డి.సి.-312, 1975లో 16 బిట్ల టి.డి.సి.-316, 1978లో మైక్రోప్రాసెసర్ ఆధారంగా పనిచేసే మైక్రో-78 వెలువడ్డాయి.

అప్పటి భారతీయ కంప్యూటర్ల విపణిలో అమెరికన్ సంస్థ ఐ.బి.ఎం.దే పెద్ద వాటా. ఇతర దేశాలలో వాడుక తగ్గిన పాత నమూనాలను ఇక్కడ అద్దెకు ఇస్తున్నదన్న విమర్శ దానిపై ఉండేది. విదేశీ మారక నియంత్రణ చట్టం ప్రకారం భారతీయులకు వాటా ఇవ్వడానికి అంగీకరించక, 1978లో ఆ సంస్థ దేశం నుండి వైదొలగింది. ఆ సమయానికి స్వదేశీ కంప్యూటర్లు తయారుచేసిన అనుభవం ఇ.సి.ఐ.ఎల్.కు ఉండడం దేశానికి ఒక ఆసరాగా నిలిచింది.

ప్రసార, సమాచార సాధనాలు

దేశంలో పూర్తిగా ట్రాన్సిస్టర్లతో పనిచేసే తొలి టెలివిజన్ సెట్లను ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసింది. ఇ.సి. టీవీ అన్న పేరు 1970లలో మధ్యతరగతి ఇళ్ళలో సుపరిచితం. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు అమెరికన్ ఉపగ్రహం ఏ.టి.ఎస్.-6 సహాయంతో జరిగిన సైట్ ప్రయోగంలో, ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు నేరుగా ప్రసారమయ్యాయి. ఆ గ్రామాలలో అమర్చిన సెట్లు ఇ.సి.ఐ.ఎల్.లో తయారైనవే. ఉపగ్రహ భూకేంద్రాల యాంటెన్నాలు, సందేశాలను స్వీకరించి నిల్వచేసి గమ్యానికి పంపే స్వయంచాలక స్విచింగ్ వ్యవస్థలు కూడా ఈ సంస్థ ఉత్పత్తులలో ఉన్నాయి.

ఎన్నికల సంఘం కోరికపై ఈ సంస్థ 1979లో ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రం నమూనాను రూపొందించింది. ఈ యంత్రాలు 2004 సార్వత్రిక ఎన్నికలలో దేశమంతటా వాడుకలోకి వచ్చాయి. ఏలూరు, నరసాపురం లోక్‌సభ నియోజకవర్గాల ఓటర్లు సైతం ఆ ఎన్నికలలో బ్యాలెట్ పత్రాలకు బదులు వీటినే ఉపయోగించారు.

విమర్శలు

సాంబశివరావు అనుసరించిన స్వావలంబన మార్గంపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ప్రభుత్వ రక్షణలో ఒకే సంస్థకు కంప్యూటర్ల తయారీని దాదాపుగా అప్పగించడం వలన ధరలు పెరిగాయని, విదేశీ యంత్రాలతో పోలిస్తే దేశీయ యంత్రాలు వెనుకబడి ఉన్నాయని, విశ్వవిద్యాలయాలు, పరిశ్రమలు కంప్యూటర్ల కోసం దీర్ఘకాలం ఎదురుచూడవలసి వచ్చిందని విమర్శకులు పేర్కొన్నారు. 1970ల చివర ప్రభుత్వం ప్రైవేటు సంస్థలకు మినీ కంప్యూటర్ల తయారీకి అనుమతులు ఇవ్వడంతో ఇ.సి.ఐ.ఎల్. ప్రాబల్యం క్రమంగా తగ్గింది. అయితే దిగుమతులపైనే ఆధారపడి ఉంటే యంత్రం లోపలి నిర్మాణం తెలిసిన ఇంజనీర్లు దేశంలో తయారయ్యేవారు కారని, అణు, రక్షణ రంగాలకు విదేశాలు పరికరాలు నిరాకరించినప్పుడు ఈ పరిజ్ఞానమే అక్కరకు వచ్చిందని ఆయన మార్గాన్ని సమర్థించేవారి వాదన. 1974 పోఖ్రాన్ అణుపరీక్ష తరువాత విధించిన ఆంక్షలు ఈ వాదనకు బలం చేకూర్చాయి.

ఇంటర్నెట్ చరిత్రలో ఈ కృషి స్థానం

టి.డి.సి.-12 విడుదలైన 1969లోనే, అక్టోబరు 29న, అమెరికాలో ఆర్పానెట్ మొదటి సందేశం ప్రసారమైంది. సందేశాన్ని చిన్న చిన్న పొట్లాలుగా విడగొట్టి, ఒక్కొక్కదానికీ చిరునామా జోడించి పంపి, గమ్యస్థానంలో తిరిగి కూర్చడం ఆర్పానెట్ పద్ధతి. ఈ పొట్లాలకు దారి చూపే పనిని ప్రతి కేంద్రంలోనూ ఒక 16 బిట్ల మినీ కంప్యూటరు నిర్వహించేది. అంటే నెట్‌వర్కుకు మూలాధారం తంతి తీగ మాత్రమే కాదు, ఆ తీగ చివర నమ్మకంగా పనిచేసే చిన్న కంప్యూటరు కూడా. ఆ తరగతికి చెందిన యంత్రాలనే ఇ.సి.ఐ.ఎల్. ఇక్కడ స్వయంగా తయారుచేయడం నేర్చుకుంది. అయితే దేశంలో వాటిని ప్రధానంగా నియంత్రణకు, గణనకు వినియోగించారే తప్ప, విశ్వవిద్యాలయాలను కలిపే నెట్‌వర్కు చాలాకాలం వరకు ఏర్పడలేదు.

1986లో ఎర్నెట్ పథకం ద్వారా ఐ.ఐ.టీ.లు, భారతీయ విజ్ఞాన సంస్థ వంటి విద్యాసంస్థల అనుసంధానం మొదలైంది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సాధారణ ప్రజలకు ఇంటర్నెట్ సేవలు ప్రారంభించింది. అప్పటికి సాంబశివరావు వయసు 80 సంవత్సరాలు. తంతి తీగల కాలంలో పుట్టిన ఆయన, తన రాష్ట్ర రాజధాని సాఫ్ట్‌వేరు కేంద్రంగా మారడం చూశాడు.

పురస్కారాలు, స్మృతి

ఇంజనీరింగు విజ్ఞానంలో కృషికి 1965లో ఆయనకు శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది. 1972లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. 2003 అక్టోబరు 31న తన 89 సంవత్సరాల వయసులో ఆయన మరణించాడు.

హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సమీపాన ఉన్న ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరు మీద వెలసినదే. ఆ ప్రాంతమంతటికీ వాడుకలో ఇ.సి.ఐ.ఎల్. అన్న పేరే స్థిరపడింది. ఆయన స్వస్థలమైన ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలో, తాడేపల్లిగూడెంలో 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఏర్పడింది. ఎలక్ట్రానిక్స్, కంప్యూటరు విజ్ఞానం అక్కడ బోధిస్తున్నారు. ఆయన తరం విద్యార్థులు కాశీకో, అమెరికాకో వెళ్ళి నేర్చుకోవలసి వచ్చిన విద్య ఈనాడు డెల్టా విద్యార్థులకు తమ ప్రాంతంలోనే అందుబాటులో ఉంది.