రుజువును అన్వేషించిన వైద్యుడు: యల్లాప్రగడ సుబ్బారావు

ఆయువు తీరవచ్చిన రోగికి ఏ మందైనను ఇప్పింపుడని ఆప్తులు వేడుకొందురు. ప్రజాధనమునకు ధర్మకర్తయైన ప్రభుత్వమో, గుణము రుజువుకాని చికిత్సకు ధనమిచ్చుటకు వెనుదీయును. ఉభయుల మాటయందును న్యాయము కలదు. ఈ రెంటి నడుమ నున్న అగాధమును పూడ్చుటకు జీవితమును ధారపోసిన ఆంధ్రుడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. యౌవనముననే ఇద్దరు సోదరులు గ్రహణి వ్యాధికి కొద్ది దినముల తేడాలో బలియైరి. నాటి వైద్యుల చేత దానికి తగిన మందు లేదు. పిమ్మట ఆయనకే ఆ వ్యాధి సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరని ప్రతీతి. మద్రాసులో వైద్యవిద్య ముగించి, లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే అధ్యాపకులైరి.

దేశీయ వైద్యమునకు ప్రభుత్వ ధనము వెచ్చింపదగునా యను వాదము ఆ దినములలో మద్రాసు రాజధాని యందు సాగుచుండెను. శాస్త్రీయమైన రుజువు చాలదని పాశ్చాత్య వైద్యాధికారుల అభ్యంతరము. ప్రభుత్వము 1921లో ఉస్మాన్ సంఘమును నియమించెను. దేశీయ వైద్య పాఠశాల 1925లో గాని వెలయలేదు. మందు ఒకనికి పనిచేసినదను అనుభవము వేరు. అది ఎందరికి, ఎందువలన పనిచేయునో తెలుపు రుజువు వేరు. ఆ రెండవ దారి సుబ్బారావుగారిని అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు కొనిపోయెను.

1940లో ఆయన లెడర్లీ ఔషధ సంస్థలో చేరిరి. 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను హరించిన గ్రహణికి అది మందైనది.

ఆ ఆమ్లమునకు సంబంధించిన పదార్థములను బోస్టను నగరమున డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్త క్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి చూచెను. మేలు కలుగుననుకొన్న చోట వ్యాధి వేగము హెచ్చినట్లు కనబడెను. రుజువుకాని మందు కీడును చేయగలదని తేలినది. కాని ఆ వైఫల్యమే దారి చూపెను. ఫోలిక్ ఆమ్లము వ్యాధిని పెంచునేని, దాని పనిని అడ్డగించు పదార్థము తగ్గింపవలెను గదా! సుబ్బారావుగారి బృందము అమినోప్టెరిన్ అను అట్టి మందును సిద్ధపరచెను. 1948లో ఫార్బరు ప్రకటించిన ఫలితములలో తీవ్రముగా జబ్బుపడిన 16 మంది పిల్లలలో 10 మందికి ఉపశమనము కలిగెను. అది తాత్కాలికమే. అయినను ఆ జాతిదే యగు మెథోట్రెక్సేట్ నేటికిని పిల్లల రక్త క్యాన్సరు చికిత్సలో వాడబడుచున్నది.

1947లో ఆయన ఆధ్వర్యమున వెలువడిన హెట్రజాన్ బోదకాలుకు మందు. దాని గుణము రుజువైన పిమ్మట భారత ప్రభుత్వము 1955లో ఆరంభించిన జాతీయ బోదకాలు నివారణ పథకమున దానికి స్థానమిచ్చెను. కొత్తవలస గల విజయనగరం జిల్లాయు, పొరుగున నున్న శ్రీకాకుళమును ఆ వ్యాధికి నెలవులే. ఆ జిల్లాలలో ఇంటింట ఉచితముగా పంచిన డి.ఇ.సి. మాత్ర ఆ మందే.

రుజువైన మందుకు ఖజానా తలుపు తెరచుకొన్నది. రుజువు కోరుట ఖజానాకు ధర్మమే. రుజువును సంపాదించు పరిశోధనను పోషించుటయు అంతటి ధర్మమే. రెండవది లేనినాడు మొదటిది రోగికి వట్టి నిరాకరణముగనే మిగులును.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసున, అమెరికాలోనే కన్నుమూసిరి. తమ మాత్ర ఉత్తరాంధ్ర పల్లెలకు చేరుటను వారు చూడలేదు.